ఐదు ఓటములు, ఆరో టికెట్: సర్వేపల్లిలో సోమిరెడ్డి చంద్రమోహన్ రెడ్డి ఎన్నికల ప్రయాణం

నెల్లూరు జిల్లా రాజకీయాల్లో వరస ఓటములు అనగానే ముందు గుర్తొచ్చే పేరు సోమిరెడ్డి చంద్రమోహన్ రెడ్డి. తెలుగుదేశం పార్టీ తరఫున 1994 నుంచి 2024 వరకు ఆయన ఎనిమిది సార్లు అసెంబ్లీకి పోటీ చేశారు. మూడు సార్లు గెలిచారు, ఐదు సార్లు ఓడారు. ఆ ఐదు ఓటములూ వరసగా వచ్చినవే: 2004, 2009, 2012 ఉప ఎన్నిక, 2014, 2019. 1999లో గెలిచిన మనిషి మళ్లీ గెలుపు చూడటానికి 25 ఏళ్లు పట్టింది.

ఇన్నిసార్లు ఓడిన నాయకుడికి పార్టీ మళ్లీ మళ్లీ టికెట్ ఎలా ఇచ్చింది? ఓటమికీ ఓటమికీ మధ్య ఆయన రాజకీయంగా ఎలా నిలబడ్డారు? ఇదే వెసులుబాటు జిల్లాలోని మిగతా నాయకులకు, ముఖ్యంగా ముస్లిం నాయకులకు, దొరికిందా? ఈ ప్రశ్నలకు జవాబులు ఎన్నికల అంకెల్లో చాలావరకు దొరుకుతాయి.

సర్వేపల్లి నియోజకవర్గం

నెల్లూరు నగరానికి దక్షిణంగా, తూర్పున సముద్రం దాకా ఉండే నియోజకవర్గం ఇది. ముత్తుకూరు, తోటపల్లిగూడూరు, వెంకటాచలం, మనుబోలు, పొదలకూరు మండలాలు దీని కిందికి వస్తాయి. జిల్లా నెల్లూరే అయినా లోక్‌సభకు వచ్చేసరికి ఇది తిరుపతి ఎస్సీ రిజర్వుడు స్థానం కింద ఉంది. సర్వేపల్లి అన్న ఊరు వెంకటాచలం మండలంలోది. మాజీ రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ఇంటిపేరు ఈ ఊరి నుంచి వచ్చిందే. హిందువులూ ముస్లింలూ కలిసి వెళ్లే కసుమూరు మస్తాన్‌వలి దర్గా కూడా ఈ మండలంలోనే ఉంది.

ఇక్కడ ఓటరు బతుకు ప్రధానంగా వరి మీద, రొయ్యల చెరువుల మీద, సముద్రం మీద ఆధారపడి ఉంటుంది. నెల్లూరు రైతు ధాన్యం ధర అడిగేది పుట్టి లెక్కన. ఇక్కడ పుట్టి అంటే 850 కిలోలు. పుట్టికి ఎంత పలికింది, కాలవకు నీళ్లు ఎప్పుడు వదులుతారు అనేవి ప్రతి ఎన్నికలోనూ ముందుకొచ్చే మాటలు. తీరాన ముత్తుకూరు మండలంలో 2008లో కృష్ణపట్నం ఓడరేవు మొదలైంది. ఆ పక్కనే నేలటూరులో దామోదరం సంజీవయ్య పేరున థర్మల్ విద్యుత్ కేంద్రం వచ్చింది. వీటితో భూములు, ఉద్యోగాలు, బూడిద, మత్స్యకారుల జీవనోపాధి లాంటి విషయాలు కూడా ఎన్నికల్లోకి వచ్చి చేరాయి.

సోమిరెడ్డి, ఆయన ప్రత్యర్థి కాకాణి గోవర్ధన్ రెడ్డి ఇద్దరూ వేర్వేరు ప్రభుత్వాల్లో వ్యవసాయ మంత్రులుగా పనిచేశారు. సోమిరెడ్డి 2017 నుంచి 2019 వరకు, కాకాణి 2022 నుంచి 2024 వరకు ఆ శాఖ చూశారు. ఒకే నియోజకవర్గంలో ఎదురెదురుగా తలపడే ఇద్దరికీ ఒకే శాఖ దక్కడం అరుదుగా జరిగే సంగతి.

ఎన్నికల వారీగా

1994, 1999: రెండు గెలుపులు. 1994లో ఎన్‌టీఆర్ నాయకత్వంలో తెలుగుదేశం ఉమ్మడి రాష్ట్రంలో 216 సీట్లు గెలిచింది. సర్వేపల్లి నుంచి సోమిరెడ్డి తొలిసారి అసెంబ్లీకి వెళ్లింది ఈ ఎన్నికలోనే. 1999లో చంద్రబాబు నాయకత్వంలో పార్టీ 180 సీట్లతో మళ్లీ అధికారంలోకి వచ్చినప్పుడు ఆయన రెండోసారి గెలిచారు, మంత్రి కూడా అయ్యారు.

2004, 2009: ఆదాల చేతిలో రెండు ఓటములు. 2004లో కాంగ్రెస్ అభ్యర్థిగా ఆదాల ప్రభాకర రెడ్డి సర్వేపల్లికి వచ్చారు. అంతకుముందు ఆయన తెలుగుదేశంలోనే ఉండి అల్లూరు నుంచి గెలిచిన మనిషి. తెలుగుదేశం 47 సీట్లకు పడిపోయిన ఆ ఎన్నికలో సోమిరెడ్డి ఆయన చేతిలో ఓడారు. 2009లోనూ అదే జోడీ, అదే ఫలితం. ఆ తర్వాత ఆదాల దారి చాలా మలుపులు తిరిగింది. 2014లో తెలుగుదేశం అభ్యర్థిగా నెల్లూరు లోక్‌సభకు పోటీ చేసి ఓడారు. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థిగా అదే లోక్‌సభ స్థానంలో గెలిచారు. 2024లో నెల్లూరు రూరల్ అసెంబ్లీ స్థానంలో ఓడారు. సోమిరెడ్డిని రెండుసార్లు ఓడించిన మనిషి ఆ తర్వాత ఆయన పార్టీలోనే చేరి, మళ్లీ బయటికి వెళ్లారన్నమాట. సోమిరెడ్డి మాత్రం ఆ కాలమంతా ఒకే జెండా కింద ఉన్నారు.

2012: కోవూరు ఉప ఎన్నిక. 2009లో తెలుగుదేశం తరఫున కోవూరులో గెలిచిన నల్లపరెడ్డి ప్రసన్నకుమార్ రెడ్డి తర్వాత జగన్ పక్షానికి వెళ్లడంతో 2012 మార్చిలో అక్కడ ఉప ఎన్నిక వచ్చింది. కోవూరు పెన్నకు ఉత్తరాన ఉంది, అది నల్లపరెడ్డి కుటుంబానికి పట్టున్న చోటు. ప్రసన్నకుమార్ రెడ్డి తండ్రి నల్లపరెడ్డి శ్రీనివాసులు రెడ్డి ఎన్‌టీఆర్ హయాంలో మంత్రిగా చేశారు. సొంత నియోజకవర్గం వదిలి సోమిరెడ్డి అక్కడికి వెళ్లి తెలుగుదేశం తరఫున నిలబడ్డారు. 23 వేలకు పైగా ఓట్ల తేడాతో ఓడారు. గెలుపు అవకాశం తక్కువని తెలిసిన చోట పార్టీ కోసం నిలబడటం కూడా ఒక పెట్టుబడే, అది తర్వాతి టికెట్ వేళ గుర్తుకొస్తుంది. ఇదే కోవూరులో 2012లో కాంగ్రెస్ అభ్యర్థిగా ఉన్న పోలంరెడ్డి శ్రీనివాసులు రెడ్డి 2014లో తెలుగుదేశం టికెట్ మీద గెలిచారు.

2014: చేతికి అందినట్టే అంది. రాష్ట్ర విభజన తర్వాత తెలుగుదేశం 102 సీట్లతో అధికారంలోకి వచ్చింది. నెల్లూరు జిల్లా మాత్రం ఆ గాలికి దూరంగా ఉండిపోయింది. పది సీట్లలో ఏడు వైఎస్సార్ కాంగ్రెస్‌కు పోయాయి. సర్వేపల్లిలో అంతకుముందు జిల్లా పరిషత్ చైర్మన్‌గా చేసిన కాకాణి గోవర్ధన్ రెడ్డికి 85,744 ఓట్లు, సోమిరెడ్డికి 80,298 ఓట్లు వచ్చాయి. తేడా 5,446. అంటే 2,724 మంది ఓటర్లు అటు నుంచి ఇటు మారి ఉంటే ఫలితం తిరగబడేది.

2019: మంత్రిగా ఉండి ఓటమి. ఎన్నికల ముందు సోమిరెడ్డి ఎమ్మెల్సీ పదవికి రాజీనామా చేసి మళ్లీ సర్వేపల్లిలో దిగారు. కాకాణికి 97,272, ఆయనకు 83,299 ఓట్లు పడ్డాయి. తేడా 13,973. రాష్ట్రంలో తెలుగుదేశానికి 23 సీట్లే మిగిలాయి, జిల్లాలో పదికి పది వైఎస్సార్ కాంగ్రెస్ గెలిచింది.

2024: మూడో జాబితాలో పేరు. ఈసారి టికెట్ అంత సులువుగా రాలేదు. తెలుగుదేశం మొదటి రెండు జాబితాల్లో సర్వేపల్లి లేదు. మార్చి 22న విడుదలైన మూడో జాబితాలో పదకొండు అసెంబ్లీ స్థానాలతో పాటు సోమిరెడ్డి పేరు వచ్చింది. మే 13న పోలింగ్, జూన్ 4న లెక్కింపు. సోమిరెడ్డికి 1,03,278, కాకాణికి 86,990 ఓట్లు వచ్చాయి. 16,288 ఓట్ల ఆధిక్యంతో 25 ఏళ్ల తర్వాత ఆయన మళ్లీ ఎమ్మెల్యే అయ్యారు. 2019లో పదికి పది పోగొట్టుకున్న ఉమ్మడి నెల్లూరు జిల్లాలో తెలుగుదేశం ఈసారి పదికి పది గెలిచింది.

ఓటముల లెక్క ఏం చెబుతోంది

ఈ ఎనిమిది ఎన్నికలను రాష్ట్ర ఫలితాల పక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేటగా కనబడుతుంది. ఆయన గెలిచిన మూడు సార్లూ, 1994, 1999, 2024లో, రాష్ట్రంలో తెలుగుదేశం గెలిచింది. 2004, 2009, 2019లో పార్టీ ఓడింది, ఆయనా ఓడారు. 2012 ఉప ఎన్నిక నాటికి కూడా పార్టీ ప్రతిపక్షంలోనే ఉంది. పార్టీ గెలిచి ఆయన ఓడింది 2014లో ఒక్కసారే. ఆ ఒక్క ఓటమి తేడా కూడా ఐదున్నర వేల లోపే.

అందుకే ఈ ఓటములన్నిటినీ మనిషి మీద వచ్చిన తీర్పుగా చదవడం సరికాదు. చివరి గెలుపును పట్టుదలకు దక్కిన బహుమతిగా మాత్రమే చూడటమూ సరికాదు. 2014 నుంచి 2019కి ఆయన ఓట్లు 3,001 పెరిగాయి, అయినా తేడా ఇంకా పెద్దదైంది, ఎందుకంటే కాకాణి ఓట్లు 11,528 పెరిగాయి. 2019 నుంచి 2024కి ఆయన ఓట్లు 19,979 పెరిగితే కాకాణి ఓట్లు 10,282 తగ్గాయి. అభ్యర్థులు ఇద్దరూ అవే మనుషులు, మారింది రాష్ట్రంలో గాలి, పొత్తులు. 2024లో తెలుగుదేశం, జనసేన, బీజేపీ కలిసి పోటీ చేశాయి.

ఇంకో సంగతి కూడా ఉంది. ఓడిన ప్రతిసారీ ఆయన ప్రధాన ప్రత్యర్థిగానే ఓడారు. 2019లో మొదటి ఇద్దరికీ కలిపి 1,80,571 ఓట్లు పడితే అందులో ఆరో వంతు సుమారు 30 వేలు. ఆయనకు వచ్చింది 83 వేల పైచిలుకు. ఆరో వంతు అన్న ఈ గీత ఎందుకంత ముఖ్యమో ముందుకు పోతే తెలుస్తుంది.

ఓడినా టికెట్ ఎందుకొస్తుంది

పార్టీ కంటితో చూస్తే తక్కువ తేడాతో ఓడిన అభ్యర్థి పూర్తిగా ఓడినట్టు కాదు. ఊరూరా ఆయనకు తెలిసిన మనుషులు, బూత్ ఏజెంట్లు, పాత లెక్కలు ఉంటాయి. కొత్త మనిషిని తెస్తే అవన్నీ మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాలి. ప్రతిపక్షంలో ఉన్న ఐదేళ్లూ కేడర్‌ను కాపాడే పని కూడా టికెట్ ఆశించే నాయకుడి మీదే పడుతుంది. ధర్నాలు, కేసులు, పెళ్లిళ్లు, చావు పలకరింపులు, పార్టీ ఆఫీసు ఖర్చు, ఇవన్నీ సొంతంగా భరించగలిగినవాళ్లే ఇంతకాలం నిలబడగలరు. అసెంబ్లీ అభ్యర్థి చట్టబద్ధంగా పెట్టగలిగే ఖర్చే 2019లో 28 లక్షల రూపాయలు, 2024లో 40 లక్షలు. ఆ లెక్క ప్రచారం నాటిదే. ఓటమికీ ఓటమికీ మధ్య గడిచే ఐదేళ్ల ఖర్చుకు ఏ పరిమితీ లేదు, ఏ లెక్కా ఎవరికీ చూపనక్కర్లేదు.

రెండోది పార్టీలో హోదా. సోమిరెడ్డి తెలుగుదేశం పొలిట్‌బ్యూరో సభ్యుడు. ఎమ్మెల్యే కాకపోయినా నిర్ణయాలు జరిగే చోట కుర్చీ ఉంది. జిల్లాలో చాలామంది పార్టీలు మారిన కాలంలో ఆయన మారకపోవడం ఆ కుర్చీకి బలమిచ్చింది.

మూడోది మండలి. 2014లో ఓడిన తర్వాత ఆయన శాసనమండలికి వెళ్లారు. 2017 ఏప్రిల్ 2న మంత్రివర్గ విస్తరణలో వ్యవసాయ మంత్రి అయ్యారు. నియోజకవర్గ ప్రజలు ఓడించిన నాయకుడు రెండేళ్ల పాటు మంత్రిగా అదే నియోజకవర్గంలో తిరగగలిగారు. ప్రత్యక్ష ఎన్నికల్లో ఓడినవాళ్లకు ఎగువ సభ ఒక చలివేంద్రం లాంటిది. ఎండలో నడిచేవాళ్లందరికీ అక్కడ నీళ్లు దొరకవు, పార్టీ పిలిచినవాళ్లకే దొరుకుతాయి.

ఎగువ సభ నీడలో నిలబడ్డ మరో ఇద్దరు

ఇదే వెంకటాచలం మండలంలోని చవటపాలెంలో పుట్టిన ఎం. వెంకయ్యనాయుడు ఉదాహరణ అందరికీ తెలిసిందే. 1978, 1983లో ఉదయగిరి నుంచి అసెంబ్లీకి గెలిచిన తర్వాత ఆయన ప్రత్యక్ష ఎన్నికల్లో మళ్లీ గెలవలేదు. 1996లో హైదరాబాద్ లోక్‌సభకు పోటీ చేసి సుల్తాన్ సలాహుద్దీన్ ఒవైసీ చేతిలో ఓడారు. ఆ తర్వాత రాజ్యసభ ద్వారా కేంద్ర మంత్రి, బీజేపీ జాతీయ అధ్యక్షుడు, చివరికి 2017లో ఉపరాష్ట్రపతి అయ్యారు.

ముస్లిం నాయకుల్లో ఇలాంటి దారి నంద్యాలకు చెందిన ఎన్.ఎం.డి. ఫరూక్‌ది. 1999లో నంద్యాల ఎమ్మెల్యేగా గెలిచిన ఆయన, సోమిరెడ్డి లాగే, అసెంబ్లీలో మళ్లీ అడుగుపెట్టింది 2024లోనే. మధ్యలో 2014లో నంద్యాల లోక్‌సభకు తెలుగుదేశం తరఫున పోటీ చేసి ఎస్పీవై రెడ్డి చేతిలో ఓడారు. 2017లో శాసనమండలి చైర్మన్ అయ్యారు. 2018 నవంబరులో మంత్రివర్గంలోకి వచ్చారు. 2024లో గెలిచి మళ్లీ మంత్రి అయ్యారు. పార్టీ నీడ ఉంటే 25 ఏళ్ల విరామం కూడా రాజకీయ జీవితాన్ని ముగించలేదని ఈ రెండు ఉదాహరణలూ చెబుతున్నాయి.

ఓటమి కోసమే నిలబడేవాళ్లు

ఎప్పుడూ పోటీలో ఉండే అభ్యర్థుల్లో ఇంకో రకం ఉంది. వీళ్లకు పార్టీ ఉండదు, గెలుస్తామన్న భ్రమా ఉండదు. తమిళనాడు మేట్టూరులో టైర్ల రిపేరు షాపు నడిపే కె. పద్మరాజన్ 1988 నుంచి రెండు వందలకు పైగా ఎన్నికల్లో నామినేషన్ వేశారు. పంచాయతీ నుంచి రాష్ట్రపతి ఎన్నిక దాకా దేన్నీ వదల్లేదు. తెలుగు నేలతో కూడా ఆయనకు సంబంధం ఉంది. 1991లో ప్రధానిగా ఉన్న పి.వి. నరసింహారావు పార్లమెంటు సభ్యత్వం కోసం నంద్యాల ఉప ఎన్నికలో నిలబడ్డారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్‌టీఆర్ అక్కడ అభ్యర్థిని పెట్టలేదు. పద్మరాజన్ మాత్రం నిలబడ్డారు. పి.వి. ఐదు లక్షలకు పైగా ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. పద్మరాజన్‌కు ఇన్నేళ్లలో దక్కిన అత్యధిక ఓట్లు 2011లో మేట్టూరులో వచ్చిన 6,273. సామాన్యుడు కూడా నిలబడొచ్చని చూపించడమే తన ఉద్దేశమని ఆయన చెబుతుంటారు. ఆయనకంటే ముందు బరేలీలో బట్టల దుకాణం నడిపిన కాకా జోగిందర్ సింగ్ 'ధర్తీపకడ్' ఇదే పని చేశారు. 1992 రాష్ట్రపతి ఎన్నికలో ఆయనకు 1,135 విలువైన ఓట్లు కూడా వచ్చాయి.

వీళ్లకూ సోమిరెడ్డి లాంటి నాయకులకూ మధ్య ఉన్న గీతే ఆ ఆరో వంతు. ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతుకు మించి రాకపోతే డిపాజిట్ పోతుంది. ఉర్దూలో 'జమానత్ జప్త్' అనేది దీన్నే. ఇప్పుడు లోక్‌సభకు డిపాజిట్ 25 వేలు, అసెంబ్లీకి 10 వేలు. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు అందులో సగం.

ఈ మొత్తాలు మొదటి నుంచీ ఇంత లేవు. 1996 వరకు లోక్‌సభకు 500, అసెంబ్లీకి 250 రూపాయలు కడితే చాలు. ఆ సంవత్సరం నల్లగొండ లోక్‌సభ స్థానంలో ఫ్లోరైడ్ నీళ్ల బాధను దేశానికి చూపించాలని జనం గుంపులుగా నామినేషన్లు వేశారు. బరిలో 480 మంది నిలిచారు. సీపీఐ అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షం గెలిచారు. అదే ఏడాది తమిళనాడులోని మొడకురిచి అసెంబ్లీ స్థానంలో 1,033 మంది నిలబడితే బ్యాలెట్‌ను పుస్తకంలా అచ్చువేయాల్సి వచ్చింది. ఆ ఏడాదే చట్టం మారింది. డిపాజిట్ లోక్‌సభకు 10 వేలు, అసెంబ్లీకి 5 వేలు అయింది. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్కరు ప్రతిపాదిస్తే సరిపోతే, స్వతంత్రులకు పది మంది ప్రతిపాదకులు కావాలన్న నిబంధన వచ్చింది. ఒకే ఎన్నికలో ఎవరైనా రెండు చోట్లకు మించి పోటీ చేయకూడదన్నదీ అప్పుడే వచ్చింది.

ఇంత చేసినా దారి పూర్తిగా మూసుకుపోలేదు. 2019లో నిజామాబాద్‌లో పసుపు, ఎర్రజొన్న రైతులు 25 వేల చొప్పున డిపాజిట్ కట్టి మరీ నామినేషన్లు వేశారు. మొత్తం 185 మంది బరిలో నిలిచారు. ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు పెట్టాల్సి వచ్చింది. నల్లగొండ, నిజామాబాద్ అభ్యర్థులకు గెలవాలన్న ఆశ లేదు. ఓటమినే వాళ్లు ఒక దరఖాస్తుగా వాడుకున్నారు.

ఒక్క ఓటమితో వెనక్కి తగ్గాల్సినవాళ్లు

పార్టీ నీడలో ఐదుసార్లు ఓడగలిగినవాళ్లు ఒక పక్క, సొంత డబ్బుతో రెండు వందల సార్లు ఓడేవాళ్లు ఇంకో పక్క. ఈ రెంటికీ మధ్య ఉన్నవాళ్ల కథ నెల్లూరు ముస్లిం రాజకీయాల్లో కనిపిస్తుంది.

షేక్ అబ్దుల్ అజీజ్ 2014లో వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున నెల్లూరు మేయర్ అయ్యారు, తర్వాత తెలుగుదేశంలోకి వచ్చారు. 2019 ఎన్నికలకు నెల్లూరు రూరల్ తెలుగుదేశం అభ్యర్థిగా మొదట ప్రకటించింది ఆదాల ప్రభాకర రెడ్డిని. నామినేషన్ల వేళ ఆయన పార్టీ మారి వైఎస్సార్ కాంగ్రెస్‌లో చేరారు. ఖాళీ అయిన ఆ టికెట్ అజీజ్‌కు వచ్చింది. ప్రచారానికి వారాల సమయమే ఉంది, రాష్ట్రంలో గాలి ఎదురుగా వీస్తోంది. కోటంరెడ్డి శ్రీధర్ రెడ్డి చేతిలో ఆయన 20 వేలకు పైగా ఓట్ల తేడాతో ఓడారు. ఆ తర్వాత ఐదేళ్లూ పార్టీలోనే ఉన్నారు. 2023లో కోటంరెడ్డి వైఎస్సార్ కాంగ్రెస్‌ను వదిలి తెలుగుదేశం వైపు వచ్చారు. 2024లో రూరల్ టికెట్ ఆయనకే దక్కింది, గెలిచారు కూడా. అజీజ్‌కు తర్వాత రాష్ట్ర వక్ఫ్ బోర్డు చైర్మన్ పదవి వచ్చింది.

ఇంకో పక్షంలో ఎండీ ఖలీల్ అహ్మద్. నెల్లూరు డిప్యూటీ మేయర్‌గా ఉన్న ఆయనకు 2024లో వైఎస్సార్ కాంగ్రెస్ నెల్లూరు సిటీ టికెట్ ఇచ్చింది. అక్కడ ఎమ్మెల్యేగా ఉన్న అనిల్ కుమార్ యాదవ్ నరసరావుపేట లోక్‌సభకు వెళ్లడంతో ఆ సీటు ఖాళీ అయింది. ఖలీల్‌కు ఎదురైంది పి. నారాయణ. ఆయన కూడా 2019లో ఇదే సీటులో 1,988 ఓట్ల తేడాతో ఓడినవారే. అంతకుముందు ఎన్నికల్లో గెలవకుండానే మంత్రిగా చేసినవారే. ఈసారి నారాయణ 72 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు.

రెండు పార్టీలు, రెండు ఎన్నికలు, జరిగిన తీరు మాత్రం ఒకటే. పెద్ద నాయకుడు వదిలిన సీటు, గాలి ఎదురుగా ఉన్న ఏడాది. ఇలాంటి ఓటమిని అభ్యర్థి ఖాతాలో రాసి పక్కన పెట్టడం సులువు. సోమిరెడ్డికి, నారాయణకు ఓటమి తర్వాత అదే సీటులో మళ్లీ టికెట్ దక్కింది. అజీజ్‌కు ఆ అవకాశం దక్కలేదు. ఖలీల్‌కు దక్కుతుందా లేదా అనేది వచ్చే ఎన్నికలకే తెలుస్తుంది.

దీన్ని ఒక మనిషి తప్పుగానో ఒక పార్టీ కుట్రగానో చెప్పలేం. గెలిచే అవకాశం ఎక్కువున్న మనిషిని వెతకడం పార్టీల పని. కానీ ఏ అభ్యర్థికైనా గెలిచే బలం ఒక్క ఎన్నికలో రాదు. సర్వేపల్లిలో 80 వేల ఓట్లు లక్ష దాటడానికి మూడు ఎన్నికలు పట్టింది. ఆ మూడు ఎన్నికలూ అదే మనిషి నిలబడ్డాడు కాబట్టే అది జరిగింది. ఆ గడువు దొరకనివాళ్ల బలమెంతో ఎవరికీ తెలిసే అవకాశమే ఉండదు. రొట్టెల పండగకు స్వర్ణాల చెరువు దగ్గర ఈ ఏడు కోరిక తీరనివాళ్లు వచ్చే ఏడు మళ్లీ వచ్చి రొట్టె పట్టుకుంటారు. టికెట్ల దగ్గర అలా రెండోసారి వరసలో నిలబడే వీలు కొందరికే ఉంటోంది.

2024 తర్వాత

గెలిచిన సోమిరెడ్డికి ఈసారి మంత్రి పదవి రాలేదు. 2024 జూన్‌లో ఏర్పడిన చంద్రబాబు మంత్రివర్గంలో నెల్లూరు జిల్లా నుంచి పి. నారాయణ, ఆనం రామనారాయణ రెడ్డి చేరారు. ఆనం అంతకుముందు వైఎస్సార్ కాంగ్రెస్ ఎమ్మెల్యేగా ఉండి ఎన్నికలకు ముందు తెలుగుదేశంలోకి వచ్చినవారు. ఓడినప్పుడు మంత్రి అయిన సోమిరెడ్డి, పాతికేళ్ల తర్వాత గెలిచినప్పుడు ఎమ్మెల్యేగానే మిగిలారు. సర్వేపల్లిలో తర్వాతి పోరు ఎవరి మధ్య ఉన్నా, అంకెలు ఒక సంగతి ముందే చెబుతున్నాయి. ఇక్కడ 2014లో ఐదున్నర వేలు, 2019లో పద్నాలుగు వేలు, 2024లో పదహారు వేలు, ఇవే తేడాలు. ఈ సీటు ఎవరికీ శాశ్వతం కాదు, ఇక్కడ ఓడినవాళ్లు మళ్లీ రాకుండా పోయే అవకాశం కూడా తక్కువే.